చీటీ అడిగితే చిన్నబుచ్చుకోకు చెల్లీ

మందుల షాపు ముందు నలుగురు నిలబడి ఉంటే నిద్రమాత్ర పేరు పైకి చెప్పడానికి మనకెంత బిడియమో కదా! ముందు ఓ జ్వరం బిళ్ళల అట్ట అడుగుతాం, తర్వాత ఓ దూది ప్యాకెట్ అంటాం, ఆ తర్వాత అప్పుడే గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించి అసలు పేరు చెబుతాం. షాపతనికి ఆ మొహమాటాలేం ఉండవు. అందరికీ వినపడేలా “చీటీ ఉందామ్మా?” అంటాడు. పాత చీటీ తీసిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, “దీని మీద ఇవ్వడం కుదరదు, కొత్తది రాయించుకు రండి” అని వెనక్కిచ్చేస్తాడు. ఇక ఇంటికొచ్చేదాకా మనసు కుదుటపడదు. నన్నేమనుకున్నాడు? ఆ పక్కనున్నావిడ మా వీధావిడేనా? రేపు రాత్రికి మాత్ర లేకపోతే ఎలా?

మొదటి రెండు ప్రశ్నలూ వదిలెయ్యమ్మా. వాటికి జవాబులు దొరికినా మనకొరిగేదేం లేదు. మూడోది మాత్రం అసలైన దిగులు. దానికి దారి ఉంది. కాస్త ముందుచూపు, ఒక ఫైలు, డాక్టరు దగ్గర నోరు తెరిచి అడగాల్సిన రెండు మూడు మాటలు. అంతే. టీ తాగుతూ విను, ఒక్కోటీ చెబుతా.

ముందు నీ మందుల డబ్బా ఇలా తీసుకురా. అట్ట వెనక్కి తిప్పి, పేరు పక్కన ఎర్ర అక్షరాలేమైనా ఉన్నాయేమో చూడు. మన దేశంలో మందుల అమ్మకానికి 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ఉన్నాయి. వాటి ప్రకారం చీటీ మీదే అమ్మాల్సిన మందులు షెడ్యూల్ హెచ్‌లో ఉంటాయి. వాటి మీద ‘ఆర్‌ఎక్స్’ అని రాసి ఉంటుంది. బీపీ, షుగరు మందులు చాలా వరకు ఇందులోవే. వీటిలోనే ఇంకాస్త జాగ్రత్త కావాల్సినవాటిని తీసి షెడ్యూల్ హెచ్1 అని వేరే జాబితా చేశారు. అది 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ అట్టల మీద ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉంటుంది. ఇక 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కింద కూడా వచ్చే మందులైతే ‘ఎన్‌ఆర్‌ఎక్స్’ అని ఎర్రగా కనిపిస్తుంది. ఆందోళనకిచ్చే అల్ప్రాజోలం, డయాజెపాం, ఫిట్స్‌కీ ఆందోళనకీ ఇచ్చే క్లోనజెపాం, నిద్రకిచ్చే జోల్పిడెం, నొప్పికిచ్చే ట్రమడాల్ అన్నీ ఆ బాపతే. అన్నిటికన్నా కట్టుదిట్టమైనవి షెడ్యూల్ ఎక్స్ మందులు, వాటి మీద ‘ఎక్స్‌ఆర్‌ఎక్స్’ అని ఉంటుంది. ఇలా చూసుకుంటే మన డబ్బాలో ఏది తేలిగ్గా దొరుకుతుందో, దేనికి ముందే ఏర్పాటు చేసుకోవాలో పది నిమిషాల్లో తేలిపోతుంది.

“అంటే నేను మత్తుమందు వాడుతున్నానా అక్కా?” అని గుండె పట్టుకోకు. డాక్టరు చూసి, అవసరమని రాసి, మోతాదు చెప్పి ఇచ్చింది మందే. అదే చట్టం వైద్యం కోసం వాడుకోవడానికి అనుమతి ఇస్తోంది కూడా. నీకింకో సంగతి చెప్పనా? హెచ్1 జాబితా మొదట 46 మందులతో వచ్చింది. అందులో ఎక్కువ భాగం యాంటీబయాటిక్స్, టీబీ మందులు. చంటిపిల్లాడి జ్వరానికి సెఫిక్సిమ్ కొనుక్కెళ్ళే తల్లి పేరూ, నిద్రమాత్ర కొనుక్కునే నీ పేరూ ఎక్కేది ఒకే రిజిస్టర్లోకి. రాసిచ్చిన డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు, ఇవన్నీ ఆ పుస్తకంలో రాసి షాపువాళ్ళు మూడేళ్ళు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే చూపించాలి. లెక్క తేలకపోతే అతని లైసెన్సుకే ముప్పు. అతను మనని చీటీ అడిగేది ఆ భయంతో. ఇక మనం చిన్నబుచ్చుకోవడం దేనికి?

ఇంత కట్టుదిట్టం ఎందుకంటావా? మన తెలంగాణ పల్లెల్ని అడిగితే చెబుతాయి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం కలపడం అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న పీడ. ఏం తాగుతున్నారో తెలియకుండానే ఆ మందుకి అలవాటుపడినవాళ్ళు, కల్లు ఒక్కసారిగా దొరక్కపోయేసరికి వణుకులతో, ఫిట్స్‌తో, వింత మాటలతో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి చేరిన సందర్భాలున్నాయి. మన చేతిలో ఉన్న చిన్న బిళ్ళే అక్కడ గోనె సంచుల్లో పొడి అయి తిరుగుతుంటే చట్టం చూస్తూ ఊరుకోదు కదా. ఆ దొంగ దారిని మూయడానికి వేసిన తాళం మనకీ అప్పుడప్పుడూ అడ్డమొస్తోంది. అడ్డమొచ్చినప్పుడు ఎలా తీసుకోవాలో తెలుసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, పాత చీటీ. పోయిన నెల ఇచ్చినవాడు ఈ నెల ఎందుకివ్వడు? రూల్ ఏమంటోందంటే, చీటీ మీద ఒక్కసారే మందివ్వాలి. మళ్ళీ ఇవ్వొచ్చని డాక్టరు స్వయంగా రాసి ఉంటే తప్ప రెండోసారి ఇవ్వకూడదు. ఎన్నిసార్లు, ఎన్నాళ్ళకోసారి అని రాస్తే ఆ లెక్కనే ఇవ్వాలి. మందిచ్చాక షాపతను తన పేరు, అడ్రసు, తేదీ చీటీ మీద వెయ్యాలి. చాలామంది ఈ ముద్ర చూసి “అయ్యో, చీటీ పాడుచేశాడే” అనుకుంటారు. పాడుచెయ్యలేదమ్మా, అది నీకే మంచిది. ఎప్పుడు ఎక్కడ కొన్నావో దాని మీదే రుజువుంటుంది.

కాబట్టి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు లేచొచ్చే ముందు ఒక్క మాట అడుగు. “డాక్టరుగారూ, ఈ మందు నెలనెలా తీసుకోవాలంటున్నారు కదా, ఈ చీటీ మీద నెలకోసారి చొప్పున ఎన్నిసార్లు ఇవ్వొచ్చో రాసిపెట్టండి.” ఇలా అడిగితే ఆయనేం తప్పుపట్టరు. కొన్ని మందులకి రాస్తారు, కొన్నిటికి “ప్రతి నెలా నేను చూడాల్సిందే” అంటారు. అలా అంటే దానికీ కారణముంటుంది, గొణుక్కోకుండా వచ్చే తేదీ అక్కడే ఖాయం చేసుకునిరా. ఈ రకం మందుల్ని మాటిమాటికీ చూసి, అవసరముందో లేదో తేల్చుకుని, తగ్గించగలిగితే తగ్గించడమే మంచి వైద్యం.

చీటీ బయటికి తెచ్చేముందు ఓసారి చదువుకో. తేదీ ఉందా? డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? నీ పేరు, అడ్రసు, మందు మోతాదు, మొత్తం ఎన్ని బిళ్ళలో రాసి ఉందా? మనం పేరు ఒక్కటీ చూసుకుని వచ్చేస్తాం. ఎన్ని బిళ్ళలో రాయని చీటీ షాపులో నానా తిప్పలూ పెడుతుంది. ఇంకో మాట, ఊళ్ళో ఆర్ఎంపీగారు ఎంత మంచివారైనా, రాత్రీ పగలూ పలికేవారైనా, ఆయన రాసిన చీటీకి ఈ మందులు ఇవ్వకూడదు. వైద్య మండలిలో నమోదైన డాక్టరు రాసిందే చెల్లుతుంది. పల్లెలో ఉన్న అమ్మకి ఆయనే దిక్కు అనుకుంటే, కనీసం మొదటి చీటీ, ఆ తర్వాత మార్పులూ దగ్గర్లోని ఏరియా ఆస్పత్రి డాక్టరు చేత రాయించు.

“ఆ కంపెనీది లేదు, ఇదీ అదే మందు, తీసుకోండి” అని షాపతను ఇంకో అట్ట చేతిలో పెట్టబోతే? ఈ షెడ్యూల్ మందుల్లో చీటీలో రాసిన మందు బదులు తన ఇష్టంతో వేరే మందు ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదు. డాక్టరు మందు అసలు పేరుతో రాస్తే కంపెనీ ఏదన్న గొడవే ఉండదు. అందుకే అసలు పేరు కూడా పెద్దక్షరాల్లో రాయమని అడుగు. లేదా అక్కణ్నుంచే క్లినిక్కి ఫోన్ చేసి కనుక్కో. మోతాదు మారిన అట్ట పొరపాటున ఇంటికొస్తే ఇబ్బంది పడేది మనమే.

ఇంతకీ రాత్రికి మాత్ర లేదన్న దిగులు అలాగే ఉంది కదూ? అది తీరాలంటే లెక్క డబ్బాలో కనపడాలి. నెలాఖర్లో చూసుకుందాంలే అనుకుంటే, నెలాఖరు సరిగ్గా ఆదివారమో సంక్రాంతో అవుతుంది, డాక్టరుగారు ఊరెళ్తారు. వారం రోజుల మందు మిగిలి ఉండగానే కొత్త చీటీ పని మొదలుపెట్టు. ఫోన్‌లో ఆ తేదీకి అలారం పెట్టుకో, వంటింటి క్యాలెండర్ మీద కూడా ఓ చుక్క పెట్టు. ఒకే డాక్టరు, ఒకే షాపు పట్టుకో. తెలిసిన షాపతను మన లెక్క తెలిసినవాడు కాబట్టి స్టాకు లేకపోతే ముందే చెబుతాడు, తెప్పించి పెడతాడు. ఇద్దరు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు రాయించుకుని నాలుగు షాపులు తిరగడం మాత్రం వద్దు. అది నిన్ను కాపాడదు సరికదా, ఎవరు ఏ మందు ఎంత ఇస్తున్నారో ఎవరికీ తెలియక నీ ఒంటికే చేటు తెస్తుంది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఓసారి అయిపోతుంది. అప్పుడు మనం చేసే పెద్ద పొరపాటేమిటో తెలుసా? “ఏముందిలే, ఈ వంకనైనా మానేద్దాం” అనుకోవడం. వద్దమ్మా, దణ్ణం పెడతా. నెలల తరబడి వాడిన నిద్రమాత్ర, ఆందోళన మాత్ర ఒక్క రోజులో ఆపేస్తే నిద్ర పూర్తిగా పోవడం, చేతులు వణకడం, గుండె దడ, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. వీటిని మెట్టు మెట్టుగా దిగాలిగానీ డాబా మీంచి దూకకూడదు. ఏ మెట్టు ఎన్నాళ్ళో డాక్టరే చెప్పాలి. మానెయ్యాలని ఉంటే ఆ మాట ఆయనకే చెప్పు, సంతోషంగా దారి చూపిస్తారు.

రెండో పొరపాటు, పక్కింటి పిన్నిగారి అట్టలోంచి రెండు బిళ్ళలు అప్పు తెచ్చుకోవడం. ఆవిడది అదే పేరైనా మోతాదు వేరు కావచ్చు, ఆవిడకి లేని ఆయాసమో గురకో నీకుండొచ్చు. మందు అయిపోయి డాక్టరు దొరక్కపోతే పాత చీటీ, ఖాళీ అట్ట పట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రికి వెళ్ళు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పు. అక్కడి డాక్టరు చూసి నాలుగు రోజులకి రాసివ్వగలరు. మనసు కలవరంగా ఉండి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. వణుకు ఎక్కువైనా, మనిషి మాట తడబడి మతి తప్పినట్టున్నా, ఫిట్స్ వచ్చినా ఇంకేం ఆలోచించకు, 108.

“వీడియో కాల్‌లో రాయించుకుంటే పోలా?” అని పిల్లలు సలహా ఇస్తారు. పాపం, వాళ్ళు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి మనకోసం తాపత్రయపడతారు. కానీ 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఒక నిషేధ జాబితా ఉంది. షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుపదార్థాల చట్టం కిందికొచ్చే మందులు ఫోన్‌లోనో వీడియోలోనో చూసి రాయకూడదు. మినహాయింపులు చాలా కొద్ది. అందుకే ఎంత మంచి డాక్టరైనా కాల్‌లో “ఇది మాత్రం నేరుగా వస్తేనే” అంటారు. బీపీ, షుగరు, థైరాయిడ్ మందులకి మాత్రం ఆ దారి చక్కగా పనికొస్తుంది. అలా పంచుకో, మామూలు మందులకి వీడియో, ఈ ఒక్కదానికి నేరుగా. అలా ఆస్పత్రికి వెళ్ళే రోజే కళ్ళ పరీక్ష, రక్త పరీక్ష కూడా పెట్టుకుంటే ఒక్క ఆటోతో మూడు పనులవుతాయి.

ఇంట్లో ఎన్ని బిళ్ళలుంచుకోవచ్చో కూడా లెక్కుంది, ఇది చాలామందికి తెలియదు. మత్తుపదార్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి మానసిక ప్రభావం చూపే మందుల్ని ఒక మనిషి తన వైద్యం కోసం ఒకసారికి 100 డోసుల వరకు ఉంచుకోవచ్చు. దీర్ఘకాలం వాడాల్సి వచ్చి డాక్టరు ప్రత్యేకంగా రాస్తే 300 వరకు. అంటే “ఏడాదికి సరిపడా ఒకేసారి కొనిపెట్టెయ్, మళ్ళీ మళ్ళీ తిరగలేం” అన్న మన పొదుపు తెలివి ఇక్కడ పనికిరాదు. రోజుకొక మాత్ర అయితే మూడు నెలలకి 90. ఆ లెక్క చాలు, ఆ లోపు డాక్టరుని ఎలాగూ చూడాలి.

ఇప్పుడు పిల్లాడి సంగతి అడిగేవాళ్ళకి. బళ్ళో ఒక్క క్షణం కుదురుగా కూర్చోడు, చదివింది నిలవదు, టీచరు రోజూ డైరీలో రాసి పంపిస్తుంది. చివరికి పిల్లల మానసిక వైద్యుడు పరీక్షలన్నీ చేసి ఏడీహెచ్‌డీ అని చెప్పి మిథైల్‌ఫెనిడేట్ రాస్తారు. ఆ అమ్మ షాపుకెళ్తే “ఇది మా దగ్గర ఉండదమ్మా” అని రెండు చోట్ల తిప్పిపంపుతారు, మూడోచోట రెండు చీటీలు అడుగుతారు. అప్పటికే అత్తగారు “పిల్లాడికి అంత మందులేంటి?” అని ఒక మాట అని ఉంటారు. ఇక ఆ తల్లి మనసు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పాలా?

ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. దీన్ని అమ్మడానికి షాపుకి వేరే లైసెన్సుండాలి, బీరువాలో తాళం వేసి ఉంచాలి. చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపతను రెండేళ్ళు దాచుకోవాలి. అందుకే చాలా షాపుల్లో ఉండదు. నీ పిల్లాడి మీద అనుమానంతో కాదు, ఆ మందు పక్కదారి పట్టకుండా. మరి ఏం చెయ్యాలి? డాక్టరు గదిలోనే “ఇది ఏ షాపులో దొరుకుతుందండీ?” అని అడుగు, వాళ్ళకి తెలిసే ఉంటుంది. రెండు కాపీలూ సంతకంతో తీసుకో. వచ్చే నెల తేదీ అప్పుడే రాయించుకో. అత్తగారికి మాత్రం ఓసారి నీతోపాటు డాక్టరు దగ్గర కుర్చీ వెయ్యి. నువ్వు పదిసార్లు చెప్పినా వినని మాట, తెల్లకోటు చెబితే ఒక్కసారికే వింటారు.

కాస్త బరువైన మాట కూడా చెప్పుకోవాలి. క్యాన్సర్‌తో నాన్న రాత్రంతా మూలుగుతుంటే, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకునే కూతుళ్ళు మనలో ఎందరు లేరు? డాక్టరు మార్ఫిన్ అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. “అంటే ఇక అయిపోయినట్టేనా? అలవాటైపోతే?” అంటారు. ఒకప్పుడు చట్టమే ఇలా భయపడింది. 1985 చట్టం వచ్చాక ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు, నాలుగైదు రకాల లైసెన్సులు. ఆ తలనొప్పి పడలేక ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. నల్లమందు పండించే దేశంలో నొప్పితో ఉన్న మనిషికి చుక్క దొరకలేదు. వైద్యులు ఏళ్ళ తరబడి పోరాడాక 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సీకోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్, ఈ ఆరింటినీ అత్యావశ్యక మత్తు ఔషధాలుగా గుర్తించి దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. గుర్తింపు పొందిన ఆస్పత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఒక్కటి చాలు.

అందుకే మార్ఫిన్ వీధి చివరి షాపులో దొరకలేదని నీరసపడకు, అక్కడ వెతకడమే తప్పు. గుర్తింపున్న క్యాన్సర్ ఆస్పత్రికీ, నొప్పి ఉపశమన వార్డుకీ వెళ్ళు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో అలాంటి విభాగం ఉంది. నొప్పికి తగ్గ మోతాదులో డాక్టరు చూసి ఇస్తే, మత్తుకి బానిసవుతారేమో అన్న భయంతో నాన్నని నొప్పితో వదిలెయ్యాల్సిన పనిలేదు. మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది, దానికి మందు కూడా మొదటి రోజే అడిగి రాయించు. ఎన్ని మాత్రలు వేశారో ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండు. వచ్చే నెల మళ్ళీ ఇచ్చేటప్పుడు అదే చూస్తారు.

ఇక ప్రయాణాలు. కరీంనగర్ నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమందో. నడుంనొప్పికి ఇక్కడ మామూలుగా రాసే ట్రమడాల్, దగ్గుకిచ్చే కోడీన్ సిరప్ యూఏఈలో కట్టుదిట్టమైన మందులు. ముందే వాళ్ళ ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోకుండా పట్టుకెళ్తే విమానాశ్రయంలోనే ఇబ్బంది. మందు అట్టలతోనే ఉండాలి, చీటీ, డాక్టరు రాసిన ఉత్తరం ఇంగ్లిష్‌లో వెంట ఉండాలి. “మా తమ్ముడికి ఈ పొట్లం ఇచ్చెయ్యన్నా” అని ఎవరైనా సీల్ వేసిన మందుల సంచి ఇస్తే మొహమాటం లేకుండా వద్దను. అన్నట్టు, మసాలాల డబ్బాలో గసగసాలు కూడా పెట్టకు, అక్కడ అవీ నిషేధమే.

కోడలి కాన్పుకని అమెరికా వెళ్ళే అమ్మలకి ఇంకో చిక్కు. ఆర్నెల్లుండాలి, రోజుకొక క్లోనజెపాం అంటే 180 బిళ్ళలు. నూరు దాటింది కాబట్టి దీర్ఘకాలానికని డాక్టరు ప్రత్యేకంగా రాయాలి. అసలు అట్టలతో, మందుల అసలు పేర్లున్న ఉత్తరంతో తీసుకెళ్ళి అక్కడి కస్టమ్స్‌లో అడక్కముందే చూపించాలి. మన చీటీ అక్కడి షాపులో చెల్లదు. అయిపోతే అక్కడి డాక్టరునే చూడాలి. ఈ గట్టి రూళ్ళు మనకొక్కరికేననీ అనుకోకు. అమెరికాలో క్లోనజెపాం, అల్ప్రాజోలం, జోల్పిడెం, ట్రమడాల్ లాంటివాటికి చీటీ రాసిన ఆర్నెల్లలోపు ఎక్కువలో ఎక్కువ ఐదుసార్లే మళ్ళీ ఇస్తారు. మిథైల్‌ఫెనిడేట్, ఆక్సీకోడోన్ లాంటివాటికి అదీ లేదు, ప్రతిసారీ కొత్త చీటీయే. అక్కడున్న మన పిల్లలూ నెలనెలా ఇదే దిగులు పడుతున్నారు. అక్కడ రాసిన ఏడీహెచ్‌డీ మందులు జపాన్ లాంటి దేశాలకి తీసుకెళ్తే ఇంకా పెద్ద చిక్కు. యాంఫెటమిన్ ఉన్న మందుని జపాన్‌కి చీటీతో కూడా రానివ్వరు. సెలవులకని టికెట్ కొనేముందే ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడమని చెప్పు.

ఇంట్లో కూడా ఓ రెండు పద్ధతులు పెట్టుకుందాం. ఈ మందులు ఫ్రిజ్ మీదా, దేవుడి అలమర పక్కనా ఉండకూడదు. పరీక్షల ముందు నిద్రపట్టని కొడుకూ, కుతూహలం ఎక్కువున్న మనవడూ తిరిగే ఇల్లు. తాళం పడే చిన్న డబ్బా కొను. చుట్టాలొచ్చి “నాకూ నిద్రపట్టడం లేదే, ఒకటివ్వవే” అంటే నవ్వుతూనే “వదినా, రేపు మా డాక్టరు దగ్గరికే తీసుకెళ్తా పద” అను. నీ చీటీ మీద కొన్నది ఇంకొకరికివ్వడం ప్రేమ కాదమ్మా. వైద్యం ముగిసి మిగిలిపోయినవాటిని ‘ఎప్పటికైనా పనికొస్తాయి’ అని దాచకు. ట్రమడాల్, డయాజెపాం, మార్ఫిన్, ఫెంటానిల్ ప్యాచ్‌ల వంటి 17 మందుల్ని, ఇంట్లో వేరేవాళ్ళ చేతికి చిక్కకుండా టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చెయ్యమని 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మిగతా మందులు మాత్రం అలా పారబోయకు, ఏం చెయ్యాలో షాపులో అడుగు.

ఇప్పుడు ఫైలు. పిల్లల బళ్ళో ఇచ్చే ప్లాస్టిక్ ఫోల్డరు చాలు. అన్నిటికన్నా పైన తాజా చీటీ, దాని కింద పాతవి, బిల్లులు, డాక్టరు క్లినిక్ నంబరు, షాపు నంబరు, తర్వాత వెళ్ళాల్సిన తేదీ. చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకో, కానీ ఈ మందులకి షాపులో కాగితమే చూపించాలి. ఆందోళనకో నిద్రకో వాడుతున్నావని అందులో ఉంటుంది కాబట్టి ఎక్కడో అడుగున దాచాలనిపిస్తుంది, నాకు తెలుసు. దాచకు. కనీసం ఒక్కరికి, మీ ఆయనకో, అక్కకో, ఎదిగిన కూతురికో ఫైలు ఎక్కడుందో, ఏ మందు ఎందుకో, ఏది ఒక్కసారిగా ఆపకూడదో చెప్పిపెట్టు. ఈ ఆదివారమే, టిఫిన్లయ్యాక, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. మొదటి రెండు నిమిషాలే ఇబ్బందిగా ఉంటుంది. నువ్వు జ్వరంతో మంచానపడితే ఆ మందు తెచ్చి చేతిలో పెట్టాల్సింది ఆ మనిషే కదా!